సరుకు దిగిన చోట పుట్టిన ఊరు: బెజవాడ వన్ టౌన్ బజార్ల మీద ప్రసంగం

అందరికీ నమస్కారమండి. వెనక కూర్చున్నవాళ్ళకి మైకు వినపడుతోందా? సరే, మొదలుపెడతాను.

ఇందాక మాస్టారు ఇంద్రకీలాద్రి గురించి, అర్జునుడి తపస్సు గురించి, ఆయనకి విజయుడనే పేరు ఉండటం వల్ల మన ఊరు విజయవాడ అయిందని చాలా బాగా చెప్పారు. ఆ కథ లేకుండా మన ఊరు లేదు. నేను మాత్రం కొండ దిగి కిందకొస్తాను. కొండ కింద బజారు, అంటే మనం వన్ టౌన్ అనే పాత ఊరు, ఎట్లా పుట్టింది, సరిగ్గా అక్కడే ఎందుకు పుట్టింది, నేను మాట్లాడేది దాని గురించే. ఎందుకంటే కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు, ఓరుగల్లు అంటే కాకతీయులు, హైదరాబాద్ అంటే కులీ కుతుబ్ షా, మరి బెజవాడ ఎవరు కట్టించారండీ అని. ఒక్క రాజు పేరు చెప్పమంటే నేను చెప్పలేను, మన ఊరికి శంకుస్థాపన చేసిన మనిషంటూ లేడు. ఇక్కడ సరుకు ఒక బండి దిగి ఇంకో బండెక్కాల్సి వచ్చింది, దిగిన చోట కొట్టు పడింది, కొట్టు పక్కన సత్రం వచ్చింది, సత్రం పక్కన పూటకూళ్ళ ఇల్లు, ఆ వెనకాల మోసేవాళ్ళ గుడిసెలు, అట్లా అట్లా ఊరయింది. ఇవాళ నేను ఏం చెప్పినా ఈ ఒక్క ముక్క చుట్టూతే చెప్తాను.

ముందు నేల చూడండి. కృష్ణమ్మ పైనించి వెడల్పుగా వస్తూ వస్తూ ఇక్కడ రెండు కొండల మధ్య ఇరుక్కుంటుంది, ఇటు ఇంద్రకీలాద్రి అటు సీతానగరం కొండ. రెండు పక్కలా రాయి కాబట్టి నది అటూ ఇటూ జరగలేదు. కింద దివిసీమ వైపు వెళ్తే గట్లు మారిపోతాయి, లంకలు మునుగుతాయి, ఇక్కడ మాత్రం రేవు రేవుగానే ఉంటుంది. అంటే కొండవీడు, గుంటూరు వైపు నించి ఉత్తరానికి పోయేవాడు నది దాటాలంటే ఇది నమ్మకమైన చోటు. ఇంకో దారి గోల్కొండ నించి బందరు రేవుకి పోయేది, అది నదికి ఈ ఒడ్డునే వస్తుంది. ఈ రెండు దార్లు కలిసేది మన కొండ కిందే. టావెర్నియర్ అని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు 1652లో బందరు నించి గండికోటకి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాని కలవడానికి పోతూ మన ఊరి మీదుగానే వెళ్ళాడు, ఇక్కడి గుళ్ళ గురించి రాసుకున్నాడు కూడా.

ఇంకా వెనక్కి వెళ్దామంటే యుద్ధమల్లుడి శాసనం ఉంది మల్లేశ్వరస్వామి గుళ్ళో. తూర్పు చాళుక్యుల నాటిది, వెయ్యేళ్ళ పైమాట, తెలుగు పద్యాల్లో, మధ్యాక్కర అనే ఛందస్సులో ఉంది. మన సాహిత్యం వాళ్ళు ఛందస్సు కోసం చదువుతారు దాన్ని. నాకు మాత్రం అందులో ఇంకొకటి కనపడుతుందండి. చేబ్రోలు నించి కుమారస్వామి దేవుడు జాతరకని బెజవాడ వచ్చి, ఊరు నచ్చి ఇక్కడే ఉండిపోయాడట, ఆయన కోసం గుడి కట్టించారు, మఠం కట్టించారు, ఇదీ పండితులు చెప్పిన అర్థం. జాతర! వెయ్యేళ్ళ కిందటే గుంటూరు సీమ నించి దేవుడు కూడా నది దాటి వచ్చేంత జాతర జరిగేదన్నమాట. జాతరంటే ఒట్టి దర్శనం కాదు కదండీ, జాతరంటే గాజులు, బెల్లం, ఎడ్లు, గుడ్డలు, కుండలు, నాలుగు రోజులు నిలబడే బజారు.

అయితే అప్పటికింకా ఇది పెద్ద ఊరేం కాదు, బందరు ముందు బెజవాడ ఎంత. దాన్ని మార్చింది కృష్ణ మీద కట్టిన ఆనకట్ట. దానికి ముందు ఒక ఘోరం ఉంది. 1832-33 నందన కరువు. గుంటూరు ప్రాంతంలో అయిదు లక్షల జనంలో రెండు లక్షల మంది పోయారని లెక్క చెప్తారు. పక్కనే కృష్ణ పారుతుండగా. ఆ మాట అనుకున్నప్పుడల్లా నాకు మనసు పాడవుతుంది. ఆ కరువు తర్వాత ఇరవై ఏళ్ళకి గానీ పని మొదలవలేదు, 1852లో మొదలుపెట్టి 1855కి ఆనకట్ట పూర్తిచేశారు. కాటన్ దొర పేరు అందరికీ తెలుసు, దగ్గరుండి కట్టించిన కెప్టెన్ చార్లెస్ ఓర్ పేరు మన ఊళ్ళో కూడా చాలామందికి తెలీదు. ఇప్పుడు మనం గాంధీ హిల్ అంటున్న కొండని ఒకప్పుడు ఓర్ హిల్ అనేవాళ్ళు, ఆయన పేరు మీదే.

ఆనకట్ట అనగానే మనకి పొలాలు గుర్తొస్తాయి, పంట గుర్తొస్తుంది, అది నిజమే. కానీ బజారుకి సంబంధించిన సంగతి వేరే ఉంది, ఆ కాలవలు పడవలు నడవడానికి కూడా తవ్వినవి. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ మూడూ మన ఊళ్ళోనే విడిపోతాయి. ఏలూరు కాలవ పోయి గోదావరి కాలవలతో కలుస్తుంది. అటు సీతానగరం వైపు నించి బయల్దేరిన కాలవ కొమ్మమూరు కాలవగా పెదగంజాం దాకా పోయి అక్కడ బకింగ్‌హామ్ కాలవలో కలుస్తుంది. దీని అర్థం ఏంటో ఆలోచించండి. కాకినాడలో పడవెక్కిన మూట ఏలూరు మీదుగా బెజవాడ వచ్చి, ఆనకట్ట పైన నిలబడ్డ నీళ్ళలో కృష్ణ దాటి, అవతల కాలవలోకి దిగి మద్రాసు దాకా నీళ్ళ మీదే పోవచ్చు. రైలు రాకముందు! మధ్యలో బెజవాడలో ఆగకుండా మాత్రం పోలేదు.

ఎందుకు ఆగాలి అంటే లాకుల దగ్గర. బందరు లాకులు, ఏలూరు లాకులు అని ఇవాళ్టికీ అంటాం, ఆటోవాడికి అట్లాగే చెప్తాం. చిన్నపిల్లలు కూడా ఉన్నారు కాబట్టి లాకు ఎట్లా పనిచేస్తుందో చెప్తాను. పైన నీటిమట్టం ఎత్తు, కింద కాలవ పల్లం, పడవని ఆ ఎత్తు మీంచి దూకించలేం. అందుకని రాతి గోడలతో పొడుగాటి గది ఒకటి కడతారు, రెండు కొసలా తలుపులు. పడవ లోపలికొస్తుంది, వెనక తలుపులు మూస్తారు, ముందు తలుపుల్లో చిన్న తూము ఎత్తుతారు, గదిలో నీళ్ళు మెల్లగా కిందకి పోతుంటే పడవ కూడా దిగుతుంది, గోడకి పట్టిన నాచు మీద తడి గీత ఎంత దిగిందో చూపిస్తూ ఉంటుంది. లోపలి నీళ్ళూ కాలవ నీళ్ళూ సమానం అయ్యాక ముందు తలుపులు తెరుస్తారు. పైకెక్కాలంటే ఇదే తిరగేసి. ఒక్కో పడవకీ ఇంత తతంగం, కాబట్టి పడవలు వరసలో ఆగాల్సిందే. ఆగితే ఆకలేస్తుంది, ఆగితే పక్క పడవ వాడితో మాటలు కలుస్తాయి, ఏ ఊళ్ళో బియ్యం ధర ఎంతుందో తెలుస్తుంది, తెలిస్తే కాకినాడ దాకా పోవడం ఎందుకు ఇక్కడే అమ్మేద్దాం అనిపిస్తుంది. కమీషన్ కొట్లకి మొదలు అదేనండి.

(ముందు వరసలోంచి ఒక పెద్దాయన: మా నాన్నగారు ధాన్యం పడవలో తెచ్చేవారు, గాలి పడిపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్ళంట.)

అవునండి బాబాయిగారూ, గాలి ఉంటే తెరచాప, గాలి లేకపోతే తాడు. ఇద్దరు ముగ్గురు గట్టు మీద నడుస్తూ లాగేవాళ్ళు, ఒకడు గెడ పట్టుకుని పడవ గట్టుకి రాసుకోకుండా చూసేవాడు. మీటింగ్ అయ్యాక మీరు వెళ్ళిపోకండి, నాన్నగారి సంగతులు రికార్డ్ చేసుకుంటాను.

సరే, ఆనకట్ట అయిన తొమ్మిదేళ్ళకి, 1864 నవంబర్ 1న బందరు మీద ఉప్పెన పడింది. ముప్పై వేల మంది చనిపోయారు. అంతకుముందే బందరు రేవు తగ్గుముఖం పట్టింది, ఆ రాత్రితో దాని నడుం విరిగింది. బందరు చచ్చిపోయి బెజవాడ బతికింది అని కొందరు అంటారు, నాకు ఆ మాట నచ్చదు, అంత మంది ప్రాణాలు పోయిన సంగతిని మన ఊరి గొప్పకి ముడిపెట్టి చెప్పకూడదు. జరిగింది ఏంటంటే సరుకు సముద్రం వైపు చూడటం మానేసి లోపలి వైపు తిరిగింది. ఆ తిరిగే టైముకి రైలొచ్చింది.

రైలు సంగతి లెక్కల్లో చూడండి, నేను చెప్పక్కర్లేదు. 1881 జనాభా లెక్కల్లో బెజవాడ 9 వేల పైచిలుకు. 1891కి 20 వేలు దాటింది. పదేళ్ళలో రెట్టింపు పైన. ఆ మధ్యలో ఏం జరిగిందంటే 1888 ప్రాంతంలో గుంటూరు వైపు నించి సదరన్ మరాఠా రైలు వచ్చింది, 1889లో నిజాం రైలు సికింద్రాబాద్ నించి వరంగల్, డోర్నకల్ మీదుగా వచ్చింది, 1893లో కృష్ణ మీద రైలు వంతెన అయింది, 1890ల్లోనే అటు వాల్తేరు వైపు లైను, ఆ దశాబ్దం అయ్యేలోపు మద్రాసు లైను. మున్సిపాలిటీ కూడా 1888లోనే, ఏప్రిల్ 1న. స్టేషన్ ఎక్కడ పెట్టారో చూడండి, ఒక పక్క పాత ఊరు, ఇంకో పక్క కాలవలు. పడవలో వచ్చిన ధాన్యం వ్యాగనెక్కుతుంది, వ్యాగన్లో వచ్చిన బట్టల బేళ్ళు, ఇనుము, కిరసనాయిలు పడవెక్కి పల్లెలకి పోతాయి. మధ్యలో ఎడ్లబండి. ఇవి మూడూ కలిసే చోటు వన్ టౌన్. 1951 లెక్కలకి లక్షా 60 వేలు దాటాం, ఇదంతా ఆ సరుకు లాక్కొచ్చిన జనమే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు వీధుల్లోకి వెళ్దాం, నాకు ఇష్టమైన భాగం ఇదే.

లో బ్రిడ్జి కింద నించి వన్ టౌన్లోకి అడుగుపెడితే కాళేశ్వరరావు మార్కెట్. అయ్యదేవర కాళేశ్వరరావుగారు స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళిన మనిషి, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకి మొదటి స్పీకర్, ఆయన పేరు. అక్కణ్ణించి పంజా సెంటర్, లోపలికి పోతే మెయిన్ బజార్, శివాలయం వీధి, బ్రాహ్మణ వీధి, సమరంగం చౌక్, అటు ఇస్లాంపేట, ఇటు కొత్తపేట. వీధులు ఇరుకు ఇరుకు అని విసుక్కుంటాం కదా, ఆ ఇరుకుకి ఒక లెక్క ఉంది. ఎదురెదురుగా రెండు ఎడ్లబండ్లు తప్పుకోవాలి, అంతే, అప్పటికి అదే పెద్ద వాహనం. అదీగాక వీధి ఇరుగ్గా ఉంటే రెండు వరసల మేడల నీడ ఒకదాని మీద ఒకటి పడుతుంది, మన మే నెల ఎండలో బేరం చేసేవాడికి నీడ కావాలి. ఇప్పుడు వెడల్పు చేసిన రోడ్ల మీద మధ్యాహ్నం రెండింటికి నిలబడి చూడండి తేడా తెలుస్తుంది.

పాత కొట్టు ఒకటి చెప్తాను, శివాలయం వీధి చుట్టుపక్కల ఇంకా కొన్ని మిగిలాయి. ముందు వైపు వెడల్పు తక్కువ, లోపలికి మాత్రం రైలు పెట్టెలాగా పోతూనే ఉంటుంది. వీధి మొగం ఖరీదు, అందుకని అందరూ తలా కాస్త పంచుకున్నారు. ముందు అరుగు, అరుగు మీద కాటా. తలుపులు రెక్కలు కావు, నిలువు చెక్క పలకలు, కిందా పైనా గాడి ఉంటుంది, ఒక్కో పలక ఆ గాడిలోకి దోపి పక్కకి జరుపుతారు, చివరి దానికి ఇనప పట్టీ వేసి తాళం. ఏ పలక తర్వాత ఏది రావాలో తెలియడానికి ఒక్కోదాని మీద అంకె చెక్కి ఉంటుంది, నేను చూసిన ఒక కొట్లో ౧ ౨ ౩ అని తెలుగు అంకెలే ఉన్నాయి, వేలితో తడిమితే ఇప్పటికీ తగులుతాయి. లోపల గోడౌను, ఆ వెనక నుయ్యి, వెనక సందులోకి ఇంకో గుమ్మం, పైన కాపురం. అటక మీదకి బస్తాలు లాగడానికి దూలానికి ఒక కప్పీ. షావుకారు పొద్దున్నే మెట్లు దిగితే ఉద్యోగం, రాత్రి మెట్లెక్కితే ఇల్లు. గుమస్తా కూర్చునే చోట వాలు బల్ల, దాని మీద ఎర్రగుడ్డ అట్ట వేసిన ఖాతా పుస్తకం.

ఈ బజారు ఒక కులం వాళ్ళదో ఒక మతం వాళ్ళదో అనుకుంటే పొరపాటు. కిరాణా, పప్పు దినుసుల్లో ఆర్యవైశ్యులు, బట్టల్లో వాళ్ళతో పాటు మార్వాడీలు, గుజరాతీలు, పంజా సెంటర్, ఇస్లాంపేట వైపు ముస్లిం వ్యాపారులు, పనివాళ్ళు. పల్నాడు నించి, తెలంగాణ నించి వచ్చే రైతులు. ఒకే వీధిలో బేరం తెలుగులో మొదలై మధ్యలో హిందీలోకి పోయి ఉర్దూలో తెగేది.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పాల్సింది ముఠా వాళ్ళ గురించి, అంటే జట్టుగా బస్తాలు మోసే కూలీల గురించి. చరిత్ర పుస్తకాల్లో షావుకార్ల పేర్లుంటాయి, ధర్మసత్రాల పలకల మీద దాతల పేర్లుంటాయి, బస్తా మోసినవాడి పేరు ఎక్కడా ఉండదు. నేను మొదట్నించీ చెప్తున్నాను కదా బండి దిగి బండెక్కిన సరుకు వల్లే ఊరయిందని, దింపిందెవరు, ఎక్కించిందెవరు? పడవకీ గట్టుకీ మధ్య వేసిన ఒక్క పలక మీద, అది ఊగుతుంటే, వీపు మీద నిండు బస్తాతో నడవడం చూసినవాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారేమో. చేతిలో ఇనప కొక్కెం, నెత్తిన చుట్టిన తువ్వాలు మెడ దాకా దించి, బస్తా వీపుకి ఎక్కడ ఆనాలో అక్కడే ఆనాలి, ఒక బెత్తెడు కిందకి జారితే నడుం పోతుంది. ముఠాకి ఒక మేస్త్రి ఉంటాడు, కూలి బస్తాకి ఇంత అని, సాయంత్రం లెక్కచూసి అందరికీ సమానంగా పంచుకుంటారు, ముసలివాడికీ కుర్రాడికీ ఒకటే వాటా. ఆ పద్ధతి నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. యూనియన్లు మన ఊళ్ళో అంత బలంగా నిలబడ్డాయంటే ఆ ముఠాలే పునాది అని నా అభిప్రాయం.

కాలవలకి అవతల గవర్నర్‌పేట, గాంధీనగర్ తర్వాత పెరిగినవి, అనీబిసెంట్ పేరు మీద బీసెంట్ రోడ్డు, సినిమాల వాళ్ళ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులు, హోటళ్ళు, వాటి గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం. 1921లో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో ఆలిండియా కాంగ్రెస్ కమిటీ సమావేశం బెజవాడలో జరిగింది, గాంధీగారు వచ్చారు, పింగళి వెంకయ్యగారు జెండా నమూనా ఆయనకి ఇచ్చింది అప్పుడే. అంత పెద్ద సభ మన ఊళ్ళో పెట్టడానికి మన దేశభక్తి ఒక కారణం, నాలుగు వైపుల నించీ రైళ్ళు ఉండటం ఇంకో కారణం, జనానికి అన్నం పెట్టడానికి పక్కనే బియ్యం బజారు ఉండటం కూడా కారణమే అయ్యుంటుందని నేననుకుంటాను.

తర్వాత లారీ వచ్చింది. 1952లో పాత ఆనకట్ట తెగింది, 1957కి ప్రకాశం బ్యారేజి అయింది, పైన రోడ్డు. కాలవల్లో పడవలు తగ్గిపోతూ పోయి ఆగిపోయాయి. లారీల కోసం ఆటోనగర్ పుట్టింది, చూడండి మళ్ళీ అదే సూత్రం, సరుకు మోసే బండి మారితే కొత్త పేట పుట్టింది. లారీ శివాలయం వీధిలో తిరగలేదు, అందుకని హోల్‌సేల్ కొట్లు చాలా మటుకు గొల్లపూడి కాంప్లెక్స్‌కి వెళ్ళిపోయాయి. మామిడికాయలు నున్న ఊరి మార్కెట్‌కి వెళ్ళాయి. బట్టలు వస్త్రలత కాంప్లెక్స్‌లో నిలబడ్డాయి. కొన్ని కొట్లు వెళ్ళాయి కాబట్టి వన్ టౌన్ అయిపోయింది అనేవాళ్ళు ఒకసారి శ్రావణమాసంలో గానీ దసరా ముందు గానీ వచ్చి చూడాలి, నడవడానికి చోటుండదు.

నా బాధ వేరే. కొట్టు యజమాని చనిపోతాడు, పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, పాత మేడ అమ్మేస్తారు, నెలలో నేలమట్టం, ఆరు నెలల్లో షట్టర్ల కాంప్లెక్స్. అమ్ముకోవడం వాళ్ళ హక్కు, నేను కాదనను. ఆ పలకలు, కప్పీ, వాలు బల్ల పాత సామాన్ల వాడికి పోతాయి, ఖాతా పుస్తకాలు కిలోల లెక్కన తూకానికి పోతాయి. యాభై ఏళ్ళ బియ్యం ధరలు, పడవ కిరాయిలు, ముఠా కూలి, ఏ ఊరి రైతు ఎంత అప్పు పడ్డాడు, ఎప్పుడు తీర్చాడు, అన్నీ అందులోనే ఉంటాయి, పొట్లాలు కట్టడానికి పోతాయి. వన్ టౌన్‌ని మ్యూజియం చెయ్యమని నేను అడగట్లేదు, బజారు బజారుగానే ఉండాలి, అమ్మాలి కొనాలి అరుచుకోవాలి. పగలగొట్టే ముందు ఒక్క రోజు మాకివ్వండి, కొలతలు తీసుకుంటాం, ఫోటోలు తీసుకుంటాం, పుస్తకాలు స్కాన్ చేసుకుని మీవి మీకు ఇచ్చేస్తాం, ఇదే అడుగుతున్నాను. కాలవ గట్ల మీద లాకుల రాతి కట్టడాలు ఎన్ని మిగిలాయో కూడా లెక్క రాసుకోవాలి, చెత్త వేసి పూడ్చకముందే.

అందుకని పని చెప్తాను. ఈ ఆదివారం పొద్దున్న ఆరింటికి లో బ్రిడ్జి దగ్గర కలుద్దాం, ఎండెక్కకముందే మార్కెట్ మీదుగా పంజా సెంటర్, శివాలయం వీధి, మెయిన్ బజార్ నడుద్దాం. చెప్పులు గట్టివి వేసుకోండి, టేపు ఉన్నవాళ్ళు టేపు తెచ్చుకోండి, ఆర్కిటెక్చర్ చదివే పిల్లలుంటే వాళ్ళని తీసుకురండి. ఇంట్లో పాత ఖాతాలు, పడవ రసీదులు, రైల్వే రసీదులు, దస్తావేజులు ఉన్నవాళ్ళు ఒరిజినల్స్ తేవద్దు, మేమే మీ ఇంటికొస్తాం, బయట బల్ల దగ్గర నోట్‌బుక్కులో పేరు, వీధి రాసి వెళ్ళండి. బాబాయిగారూ, మొదటి పేరు మీదే రాద్దాం, ఇటు రండి.